రెండూ తెల్లగానే ఉంటాయి

గుమ్మడికాయల మీద పిండి చల్లినట్టు తెల్లగా పాకిన పిండినల్లిని చూసి ఆమెకు ఎన్నడూ అసహ్యం వెయ్యలేదు. అది ఆమె పురుగులకు తిండి. ద్రాక్ష రైతులకు నిద్ర లేకుండా చేసే ఆ నల్లినే ఆమె ఈ గదిలో కాయల మీద పనిగట్టుకుని పెంచుతుంది. పెంచి, దాన్ని తినే అక్షింతల పురుగుల్ని వాటి మీదికి వదులుతుంది. అవి తిని, గుడ్లు పెట్టి, మందను పెంచుకుంటాయి. అప్పుడు వాటిని పట్టి తోటలకు పంపుతుంది. పరిశోధన కేంద్రంలో ఇది ఆమె గది. అందరూ ఆమెను పెద్దమేడమ్ అంటారు.

ఆ ఉదయం ఆమె గుడ్డ తొడిగిన పెట్టెలో చెయ్యి పెట్టి, తడిపిన కుంచె కొనతో ఒక్కొక్క పురుగునే ఎత్తి గాజుగొట్టంలోకి జారవిడుస్తోంది. నల్లటి ఒళ్ళు, ఇటుకరంగు తల. కుంచె తగలగానే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తాయి. గొట్టంలో పడ్డాక ఒక్క నిమిషం ఆగి, ఏమీ ఎరగనట్టు నడక మొదలెడతాయి. ఆ దొంగ వేషం చూసి ఆమె ఇన్నేళ్ళ తరవాత కూడా నవ్వుకుంటుంది.

తలుపు తోసుకుని డైరెక్టరుగారు వచ్చారు. వెనకే ఆమె ఆడపడుచు. ఆఫీసులో ఆ పిల్ల చిన్నమేడమ్.

"మేడమ్, శుక్రవారం రైతుల సమావేశం ఖాయమైంది. మన జిగురుపట్టీల తోటలోనే. చుట్టుపక్కల ద్రాక్ష వేసినవాళ్ళంతా వస్తున్నారు. పేపర్లవాళ్ళు కూడా" అన్నారు డైరెక్టరుగారు.

"మంచిదండీ. ఏం చెప్పాలో ఇవాళే అనుకుంటాను."

ఆయన గడ్డం గోక్కున్నారు. "చెప్పడం చిన్నమేడమ్ చెప్తుంది. చీమల ఆలోచన తనదే కదా. మాట కూడా ముచ్చటగా ఉంటుంది, వినబుద్ధేస్తుంది. మీరు పురుగుల డబ్బాలు సిద్ధం చేయించండి. అసలు పురుగులే లేకపోతే మా కబుర్లు ఎవడిక్కావాలి చెప్పండి!"

ఆయన నవ్వారు. ఆడపడుచు నవ్వలేదు. "మేడమ్ కూడా మాట్లాడితే బాగుంటుంది సార్" అంది చిన్నగా.

"వద్దులే. ఎవరి పని వాళ్ళు చేస్తే చాలు" అంది ఆమె, పెట్టెలోంచి తల ఎత్తకుండా.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె మరో పురుగు కోసం కుంచె చాపింది. కాయ మీద చిన్నగా చిట్లిన చప్పుడు. కుంచె ఎత్తి చూస్తే పురుగు నలిగిపోయి ఉంది. ఈ పని నేర్చుకునే రోజుల్లో తప్ప ఆమె చేతిలో పురుగు నలగలేదు.

చీమల ఆలోచన ఎవరికైనా రావాల్సిందే. పిండినల్లి తీగ రసం పీల్చి, తేనెలాంటి జిగురు వదులుతుంది. చీమలకు అది విందు. విందు పెట్టే నల్లిని అవి కాపలా కాస్తాయి, తినడానికొచ్చిన అక్షింతల పురుగుల్ని తరిమి తరిమి కొడతాయి. ఇది పుస్తకాల్లో ఉన్నదే. కానీ తీగ బోదెకు జిగురుపట్టీ చుట్టి, చీమల్ని కిందే ఆపి, ఆ తరవాత పురుగుల్ని వదిలితే ఎలా ఉంటుందని అడిగింది మాత్రం ఆడపడుచు. అదీ ఎక్కడ? వంటింట్లో, చక్కెర డబ్బా చుట్టూ నీళ్ళు పోసిన పళ్ళెం చూస్తూ. ఏళ్ళ తరబడి తను పంపిన పురుగులు తోటల్లో ఎందుకు నిలవడం లేదో తెలియక ఆమె తల బద్దలుకొట్టుకుంటుంటే, ఆ పిల్ల టీ తాగుతూ తేల్చేసింది. ఆ పళ్ళెం పెట్టింది కూడా ఆమే. అదే ఆమెకు ముల్లులా గుచ్చుకుంటోంది.

భోజనాల దగ్గర అత్తగారు కూతురి కంచంలో మరో గరిటెడు కూర వేసింది.

"మైకులో మాట్లాడేటప్పుడు గొంతు పట్టేస్తుంది, గోరువెచ్చటి నీళ్ళు తాగవే బుజ్జీ. పేపర్లో ఫొటో వేస్తారా?"

"ఏమో అమ్మా. వేస్తే పురుగు ఫొటో వేస్తారు, నాది ఎందుకేస్తారు?"

"ఇంట్లో ఇద్దరూ పురుగులవాళ్ళే. ఒకళ్ళు పెంచుతారు, ఒకళ్ళు చంపుతారు. ఇద్దరికీ జీతం! సర్కారు వాళ్ళకి బొత్తిగా లెక్క రాదు" అంది అత్తగారు. భర్త పగలబడి నవ్వాడు. ఆడపడుచు కూడా నవ్వి, అంతలోనే వదిన ముఖం చూసి ఆపేసింది.

"ఇద్దరూ కలిసే చంపుతున్నాంలే అమ్మా. వదిన పురుగులు లేకపోతే నా పట్టీలు దేనికి?"

పొద్దున డైరెక్టరుగారు అన్న మాటే, వేరే నోట. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఆమెకు అనిపించింది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"ఏమోయ్, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు భర్త.

"బాగానే ఉంది. మజ్జిగ ఇటివ్వండి."

పడుకునే ముందు ఆయన అద్దం ముందు నిలబడి, "అది నీ శిష్యురాలే కదా. దానికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదూ?" అన్నాడు. ఆమె దుప్పటి దులుపుతూ, "అవును" అంది. ఆ 'అవును' ఎంత పొడిగా ఉందో ఆయనకు తెలియలేదు. పేరు అనేది ఒకరికి వస్తే మరొకరికి వచ్చినట్టు ఎలా అవుతుందో ఆమెకు అంతుపట్టలేదు.

బుధవారం గదిలో నల్లి తగ్గిందని, కొత్త నల్లి ఉన్న కొమ్మలు తెచ్చుకోవడానికి ఆమె జీపులో తోటకు వెళ్ళింది. డ్రైవరును గేటు దగ్గరే ఆపమని, కత్తెర, గుడ్డసంచి పట్టుకుని పందిళ్ళ కిందికి నడిచింది. ఆకుల సందుల్లోంచి ఎండ చిల్లులు చిల్లులుగా పడుతోంది. గుత్తులింకా పచ్చిగా, గట్టిగా ఉన్నాయి. జిగురుపట్టీలు కట్టిన వరస పందిరి చివర. ప్రతి బోదెకూ మోకాలెత్తున పసుపు పట్టీ, దాని మీద అంటుకుపోయిన చీమలు నల్ల గీతలా.

తల ఎత్తి పందిరి కేసి చూసి ఆమె ఆగిపోయింది.

కొమ్మలు తెల్లగా ఉన్నాయి. కణుపుల దగ్గర, గుత్తుల తొడిమల దగ్గర, బెరడు పగుళ్ళలో తెల్లటి పీచు ముద్దలు ముద్దలుగా. పోయిన నెల పురుగుల్ని వదలడానికి వచ్చినప్పుడు ఇంత లేదు. పట్టీలు కట్టని పక్క వరస కంటే ఇదే ఎక్కువ తెల్లగా ఉంది.

ఆమె గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. బాధతో కాదు. ఆ సంగతి ఆమెకే తెలిసి ఒళ్ళు వెచ్చబడింది. ఒక బోదె మొదట్లో పిలక ఒకటి పెరిగి, పట్టీని దాటి పైకి పాకింది. దాని మీదుగా చీమలు నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతున్నాయి. ఇంకేం, అర్థమైపోయింది. పిలకలు గిల్లించాలన్న ఆలోచన రాలేదు మహాతల్లికి. మెడలో భూతద్దం వేలాడుతోంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. నేలకి ఒంగి ఆ పిలకను గిల్లెయ్యడానికి ఒక్క క్షణం చాలు. గిల్లలేదు.

"నమస్తే పెద్దమేడమ్!" తోట రైతు తుండుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. ముఖంలో కంగారు. "మీరే వస్తే బాగుండునని చూస్తున్నాను. ఇది చూశారా? రోజురోజుకీ తెల్లబడుతోంది. చిన్నమేడమ్‌గారికి ఫోన్ చేస్తే 'అంతా బాగానే ఉంటుంది, మందు మాత్రం కొట్టకండి' అంటారు. ఎల్లుండి ఇంతమంది నా తోటకొస్తున్నారు. ఇదా నేను చూపించేది?"

"నాకేం తెలుసండీ. ఈ వరస నాది కాదు."

"మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మీ తోటే అయితే ఏం చేస్తారు, ఉన్నమాట చెప్పండి."

ఆమె కత్తెర తెరిచి మూసింది. "నా తోటైతే ఇంత తెల్లగా ఉంటే చూస్తూ ఊరుకోను" అంది.

అన్నది అంతే. మందు కొట్టమనలేదు. జీపెక్కాక కూడా ఆ మాటే అనుకుంది. నేను మందు కొట్టమనలేదు.

గురువారం సాయంత్రం ఆడపడుచు హాల్లో నిలబడి, నీళ్ళ గ్లాసు మైకులా పట్టుకుని, చెప్పాల్సిందంతా వినిపించింది. అత్తగారు కుర్చీలో కూచుని ప్రతి మాటకీ తల ఊపింది. నిజంగా బాగుంది. చీమల్ని ఇంటికి కాపలా ఉన్న పాలేళ్ళతో పోల్చింది, జీతం తీసుకునేది దొంగ దగ్గరంది. రైతులు నవ్వుతారు. ఆమె వెతికింది ఒక్క మాట కోసమే. అది వచ్చింది: "ఈ పురుగుల్ని మా కేంద్రంలో పెంచుతున్నాం." పెంచుతున్నాం. గుమ్మడికాయలు కడిగేదెవరు, కుళ్ళిన కాయ వాసన భరించేదెవరు, సెలవు రోజున కూడా గది వెచ్చదనం చూసి వచ్చేదెవరు?

"ఎలా ఉంది వదినా?"

"బాగానే ఉంది."

"ఏదైనా మార్చాలా? చెప్పు, నీకు తెలిసినంత నాకు తెలీదు కదా."

"చెప్పేది నువ్వు. నీకెలా తోస్తే అలా చెప్పు."

ఆడపడుచు గ్లాసు బల్ల మీద పెట్టింది. "నిన్న తోటకెళ్ళావట. డ్రైవర్ చెప్పాడు. ఈ కాగితాలతో నాకు అటు వెళ్ళడమే పడలేదు. వరస ఎలా ఉంది?"

ఇంట్లో అందరూ ఆమె కేసే చూస్తున్నారు. అనడానికి తేలికైన మాటే. పిలక ఎక్కింది, చీమలు పైకి పోతున్నాయి, రైతు భయపడుతున్నాడు. నాలుక చివరి దాకా వచ్చింది.

"పక్క వరసలో కొమ్మలు కత్తిరించుకుని వచ్చేశాను. సరిగ్గా చూడలేదు" అంది.

శుక్రవారం పురుగుల డబ్బాలతో ఆమె ముందుగా బయల్దేరింది. ఆడపడుచు డైరెక్టరుగారి కారులో వస్తుంది. తోట గేటు దగ్గర షామియానా వేస్తున్నారు. కుర్చీలు దింపుతున్నారు. ఆమె డబ్బాలు నీడలో పెట్టించి, కత్తెర, సంచి తీసుకుని పట్టీల వరస చివరికి నడిచింది. ఏం చెయ్యాలో దారంతా అనుకుంటూనే వచ్చింది. తను నోరు విప్పదు. ఎవరైనా అడిగితే మాత్రం, బాగా తెల్లబడ్డ కొమ్మ ఒకటి చేతిలో ఉంటే చాలు. చూపిస్తుంది. కొమ్మే మాట్లాడుతుంది.

మంచి కొమ్మ ఎంచి కత్తిరించింది. సంచిలో పెట్టబోతుంటే మణికట్టు మీద ఏదో పాకింది.

తెల్లటి మైనపు పోగులు ఒళ్ళంతా వేలాడుతున్న పురుగు. అచ్చం పిండినల్లిలా ఉంది. కానీ నల్లి ఇలా నడవదు. అది ఉన్నచోటనే ఉండి రసం పీలుస్తుంది, కదిలినా కదిలినట్టుండదు. ఇది చురుగ్గా, ఆకలిగా, ఆమె చేతి మీద దారి వెతుకుతూ పోతోంది. భూతద్దం అక్కర్లేకపోయింది. రోజూ పొద్దున గుమ్మడికాయల మీద ఆమె పలకరించే మొదటి ప్రాణి అది. ఆమె అక్షింతల పురుగుల పిల్ల.

ఆమె కొమ్మను మొహానికి దగ్గరగా పట్టుకుంది. కణుపులో తెల్లటి ముద్దను గోటితో కదిపింది. నాలుగు పిల్లలు నాలుగు దిక్కులకీ పరిగెత్తాయి. వాటి కింద నల్లి లేదు, నల్లి తాలూకు ఖాళీ తొక్కలున్నాయి. మరో కొమ్మ వంచి చూసింది. అక్కడా అంతే. ఇంకొకటి. పందిరంతా తెల్లగా ఉన్నది తెగులుతో కాదు, తెగులును తింటున్న పిల్లలతో. చీమలు ఎక్కింది ఆ ఒక్క పిలక మీదే, ఆ ఒక్క తీగకే. తక్కిన వరస అంతటా ఆ ఆలోచన పని చేసింది. ఆమె ఇన్నేళ్ళూ ఎదురుచూసింది ఈ తెలుపు కోసమే. వచ్చి కళ్ళ ముందు నిలబడితే గుర్తుపట్టలేదు.

అంతసేపూ చెవికెక్కనిది అప్పుడు వినిపించింది, వరస అవతలి కొసన, ట్రాక్టరు వెనక మందు గొట్టాలు ఊదుతున్న హోరు.

ఆమె కొమ్మను సంచిలో కుక్కి, చెప్పులు మట్టిలో కూరుకుపోతుంటే పందిరి కింద ఒంగి పరిగెత్తింది. "ఆపండి! ఆపెయ్యండి!" అని అరిచింది. హోరులో ఎవరికీ వినపడలేదు. ట్రాక్టరుకు అడ్డంగా వెళ్ళి రెండు చేతులూ ఎత్తింది. మందు జల్లు ముఖాన పడి కళ్ళు మండాయి. డ్రైవరు గతుక్కుమని బండి ఆపేశాడు. పక్కనున్న రైతు పరుగున వచ్చాడు.

"ఏమైందమ్మా?"

"అవి నల్లి కాదు. మన పురుగులే. మన పురుగుల పిల్లలే అవన్నీ."

రైతు ఆమె కేసీ, తడిసి ముద్దయిన సగం వరస కేసీ చూశాడు. ఆకుల కొసల నుంచి మందు బొట్లు బొట్లుగా కారుతోంది. "మీరేగా అన్నారు, ఊరుకోనని" అన్నాడు. కోపంగా కూడా కాదు, అర్థంకాక.

కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

జనం వచ్చేటప్పటికి ముఖం కడుక్కుని డబ్బాల దగ్గర నిలబడింది. ఆడపడుచు కారు దిగీ దిగగానే వాసన పట్టింది. వరస కొసదాకా వెళ్ళి, తడి ఆకు తిప్పి చూసి, కింద రాలి కొట్టుకుంటున్న పిల్లల్ని చూసి అలా గొంతుక్కూచుండిపోయింది. లేచి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురు లేదు. రైతును ఏదో అడిగింది. రైతు తల దించుకున్నాడు, చెప్పలేదు. ఆ పిల్ల వదినను ఏమీ అడగలేదు.

మైకు ముందు ఆ పిల్ల పాలేళ్ళ కబురు చెప్పలేదు. సూటిగా మొదలెట్టింది.

"ఈ వరసలో సగం పాడైంది. మీరంతా వాసన చూస్తూనే ఉన్నారు. నల్లిని తినే పురుగు పిల్ల కూడా నల్లిలాగే తెల్లగా ఉంటుంది. ఆ సంగతి రైతుగారికి నేను ముందే చూపించి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన భయపడి మందు కొట్టారు. తప్పు నాది."

కుర్చీల్లో గుసగుసలు. పేపరతను ఏదో రాసుకున్నాడు. డైరెక్టరుగారి ముఖం మాడిపోయింది. పక్క కుర్చీలో ఉన్న పెద్దమేడమ్ వైపు ఒరిగి, ముందు వరసలకి వినపడేట్టుగానే, "ఇంత చిన్న సంగతి చెప్పలేదా? చిన్నపిల్లలకి మైకిస్తే ఇంతే. రాసుకొచ్చిన కబుర్లే తప్ప పురుగు తెలీదు" అన్నారు.

ఆ మాటలు ఆమెకు కొత్త కాదు. వారంగా తను మనసులో అనుకుంటున్నవే, అక్షరం పొల్లుపోకుండా. బయటి గొంతులో వింటే అవి ఎంత వెగటుగా ఉన్నాయో! ఆడపడుచు విననట్టు నిలబడింది కానీ మైకు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

ఆమె లేచింది. మైకు దగ్గరికి పోలేదు, ఉన్నచోటి నుంచే అంది.

"రైతుగారికి చెప్పింది నేను. బుధవారం వచ్చి, ఇదంతా నల్లే అనుకుని, ఇలా ఉంటే ఊరుకోనన్నాను. చిన్నమేడమ్ మందు వద్దనే చెప్పింది."

డైరెక్టరుగారు నోరు తెరిచారు. "మీరా? మీకు తెలియకపోవడమేమిటి?"

"కొమ్మ వంచి చూడలేదు సార్."

ఆమె సంచిలోంచి తను కత్తిరించిన కొమ్మ తీసింది. వెనక కూచున్న ముసలి రైతు ఒకాయన లేచి, "ఏదీ, చూపించండమ్మా. మాకూ తెలియాలిగా" అన్నాడు. ఆమె అరచేతిలో, కొమ్మ కొసన ఇంకా మిగిలిన ఒక నల్లినీ, పక్కనే ఒక పురుగు పిల్లనీ పెట్టింది. జనం కుర్చీలు జరుపుకుని చుట్టూ మూగారు.

"గోటితో తాకండి. కదలనిది దొంగ. పరిగెత్తేది మన చుట్టం."

"ఇద్దరికీ ఒకే చొక్కా తొడిగాడేమిటమ్మా దేవుడు? చుట్టాన్ని కొట్టి దొంగకి అన్నం పెట్టేట్టున్నాం!" అన్నాడు ముసలాయన. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఒకరి తరవాత ఒకరు అడిగారు. పిల్ల ఎన్ని నల్లుల్ని తింటుంది, వాన పడితే నిలుస్తుందా, గుడ్లు ఎక్కడ పెడుతుంది. ఆమె చెప్తూ పోయింది. గదిలో గోడలకు తప్ప ఎవరికీ చెప్పని సంగతులన్నీ వాటంతటవే వస్తున్నాయి. పేపరతను ఆమె అరచెయ్యి ఫొటో తీశాడు. మాట మధ్యలో తల ఎత్తి చూస్తే, గుంపు అవతల, ఖాళీ అయిన మైకు దగ్గర ఆడపడుచు ఒక్కతే ఉంది. ఎవరూ చూడని కాగితాలు చేతిలో. పెదవి మీద నవ్వులాంటిదేదో అతికించుకుని ఇటే చూస్తోంది. ఆ చూపు ఏమిటో ఎవరూ ఆమెకు విడమర్చి చెప్పక్కర్లేదు. వారమంతా దాన్ని తను మోసింది.

ఆమె గొంతు తగ్గింది. ఒకతను "పట్టీ ఎంత ఎత్తున కట్టాలి?" అన్నాడు. "నాకు తెలీదు. అది ఆవిడే చెప్పాలి" అంది. ఉన్నమాటే అది. ఇద్దరు ముగ్గురు అటు వెళ్ళారు. ఎక్కువమంది కదల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు డైరెక్టరుగారు తన కారులో ఒక్కరే వెళ్ళిపోయారు, సోమవారం ఇద్దరినీ గదికి రమ్మని చెప్పి. వదినా ఆడపడుచులు జీపు వెనక, పురుగుల్ని రైతులకు పంచగా ఖాళీ అయిన డబ్బాల మధ్య ఎదురెదురుగా కూచున్నారు. గతుకులకు డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. చాలా దూరం వచ్చాక ఆడపడుచు అంది.

"వదినా, నిజంగానే తెలీక చెప్పావా?"

తెలీకే అంటే అబద్ధం కాదు. ఆ మాటతో అంతా సర్దుకుపోతుంది. అన్నయ్య, అమ్మ, ఆఫీసు, అందరూ నమ్ముతారు. ఈ పిల్ల కూడా నమ్మాలనే అడుగుతోంది.

"తెలీకే చెప్పాను" అంది ఆమె. "తెలుసుకోవాలనిపించలేదు."

ఆడపడుచు కిటికీ వైపు తిరిగింది. కళ్ళు నిండాయో, గాలికి అలా మెరుస్తున్నాయో ఈమెకు తెలియలేదు.

"నిన్న సాయంత్రం అడిగాను కూడా నిన్ను."

"అడిగావు."

"నా మీద అంత కోపమా?"

"కోపం కాదు."

మరేమిటని ఆ పిల్ల అడగలేదు. మళ్ళీ గతుకు వచ్చింది. జారిపోతున్న డబ్బాను ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు. ఆడపడుచే ముందుగా చెయ్యి తీసేసుకుంది.

ఊరి దీపాలు కనిపిస్తుండగా, పనిమాటలా, పొడిగా అడిగింది. "ఆ సగం వరసలో మళ్ళీ పురుగుల్ని ఎప్పుడు వదలొచ్చు?"

"ఇప్పుడే వదిలితే చస్తాయి. మందు ఆకుల మీద ఉండిపోతుంది."

"ఎన్నాళ్ళు ఉంటుంది?"

"ఇన్నాళ్ళని చెప్పలేం. వెళ్ళి చూస్తూ ఉండాలి."

ఆడపడుచు తల ఊపింది. జీపు ఇంటి ముందు ఆగాక తన వైపు డబ్బాలు తను తీసుకుని దిగింది. ఆమె తన వైపువి తీసుకుంది.